హూప్స్ డైనస్టీ: డివిజన్ 3లో ఉండిపోవడమా, పైకి వెళ్లడమా? ఏది మేలు?

వాట్‌ఇఫ్‌స్పోర్ట్స్ వారి ఆన్‌లైన్ ఆట హూప్స్ డైనస్టీలో మనమే కోచ్‌గా ఒక అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును నడుపుతాం. కింది స్థాయి డివిజన్ 3, దానిపైన డివిజన్ 2, అన్నిటికన్నా పైన డివిజన్ 1. ఆడేవాళ్లు నన్ను తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. డివిజన్ 3లో జట్టు గాడిన పడింది. జాతీయ టోర్నమెంటులో ఒకటి రెండు రౌండ్లు గెలిచింది కూడా. సీజన్ ముగిసి ఉద్యోగాల జాబితా తెరుచుకోగానే డివిజన్ 2లో ఒక బలహీనమైన కాలేజీ అందుబాటులో కనిపిస్తోంది. వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా?

ఉండిపోవడంలో సుఖం ఉంది, దాన్ని తక్కువ చేయను. నాలుగు తరగతుల (అంటే కాలేజీలో మొదటి ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా) ఆటగాళ్లూ మీరు ఎంచుకున్నవాళ్లే, మీ పద్ధతిలోనే సాధన చేసినవాళ్లే. ఎక్కువ కాలంగా ఉన్న కోచ్ కావాలని కోరుకునే కుర్రాళ్లు రిక్రూటింగ్‌లో (కొత్త ఆటగాళ్లను జట్టులోకి ఎంచుకోవడంలో) కొందరు ఉంటారు, వాళ్ల దగ్గర మీకు ముందంజ దొరుకుతుంది. ఈ ఆట విడివిడి లోకాలుగా నడుస్తుంది, వాటికి పెద్ద కోచ్‌ల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి ఫీలన్. జిమ్ ఫీలన్ 1954 నుంచి 2003 దాకా మౌంట్ సెయింట్ మేరీస్ అనే ఒకే కాలేజీలో కోచ్‌గా ఉండి 830 మ్యాచ్‌లు గెలిచాడు. 1962లో డివిజన్ 2 స్థాయి టైటిల్ కూడా అక్కడే సాధించాడు. కదలకుండా కూర్చున్నవాడు ఏమీ సాధించలేదని అనడానికి వీల్లేదు.

అయినా నన్ను అడిగితే వెళ్లమనే అంటాను. డివిజన్ 3లో రిక్రూటింగ్ డబ్బు తక్కువ. కొన్నాళ్లకు అదే రకం ఆటగాళ్లతో, అదే ప్రత్యర్థులతో, అదే లెక్కలతో ఆడుతున్నట్టుంటుంది. ఆట అసలు లోతు తెలిసేది పైకి వెళ్లాకే. కాకపోతే ఏ జట్టుకు వెళ్తున్నామన్నది చూసుకోవాలి. చాలామంది ఇక్కడ ప్రెస్టీజ్ గ్రేడు, అంటే కాలేజీ పేరుప్రతిష్ఠలకు ఆట ఇచ్చే గ్రేడు, ఒక్కటే చూస్తారు. సి ప్లస్ ఉంటే దరఖాస్తు, సి మైనస్ అయితే మొహం తిప్పుకోవడం. నేను ముందు చూసేది జట్టులోని పన్నెండు మంది ఏ తరగతిలో ఎందరున్నారన్నది.

ఎందుకంటే రిక్రూటింగ్ రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడత సీజన్ నడుస్తుండగానే అయిపోతుంది. కోచ్‌ల మార్పిడి తర్వాత మీ చేతికి వచ్చేది రెండో విడత ఒక్కటే. మీరు చేరబోయే కాలేజీని అప్పటిదాకా కంప్యూటర్ నడిపించి ఉంటే మొదటి విడతలో గొప్పవాళ్లెవరినీ పట్టి ఉండదు. ఆ జట్టులో ఈ ఏడే ఆరుగురు సీనియర్లు (నాలుగో ఏడాది వాళ్లు) వెళ్లిపోతుంటే మీకు ఆరు ఖాళీలు, వాటికి తగ్గ డబ్బూ దొరుకుతాయి. కానీ కొనడానికి సంతలో మిగిలినది అంతంతమాత్రం. ఆలస్యంగా సంతకం చేయడానికి ఇష్టపడే కుర్రాళ్లలో ఒకరిద్దరు మెరుగైనవాళ్లు దొరకవచ్చు. మిగతా స్థానాలు ఎవరితోనో ఒకరితో నింపాల్సిందే. ఆ భారం నాలుగు సీజన్లు మోయాలి.

దీనికి పూర్తిగా వేరైన జట్టును ఊహించండి. ఈ ఏడు వెళ్లేది ఒక్కరో ఇద్దరో, జూనియర్లు (మూడో ఏడాది వాళ్లు) మాత్రం అయిదుగురు. గత సీజన్ ఫలితం బాగా లేదు, అందుకే గ్రేడు తక్కువ. ఇలాంటి జట్టునే నేను వెతుకుతాను. మీ మొదటి సీజన్లో ఆ జూనియర్లు సీనియర్లవుతారు, అనుభవంతోనే కొన్ని మ్యాచ్‌లు గెలిపిస్తారు, దాంతో గ్రేడు కాస్త పైకి జరుగుతుంది. ఆపైన ఖాళీలు ఎక్కువ కాబట్టి డబ్బు ఎక్కువ, మొదటి విడత మొదటి రోజు నుంచే మీరే నడుపుతారు. ఇందులోనూ ఒక చిక్కుంది: అయిదుగురిని ఒకేసారి తెస్తే నాలుగేళ్ల తర్వాత అయిదుగురూ ఒకేసారి పోతారు. ఇద్దరిని రెడ్‌షర్ట్ చేస్తే, అంటే ఒక ఏడాది ఆడించకుండా కూర్చోబెట్టి ఆ ఏడు లెక్కలోకి రాకుండా చూస్తే, తరగతులు సర్దుకుంటాయి. అందుకు ఒప్పుకోని కుర్రాడు ఉంటే ఒక స్థానం ఆ ఏడాదికి ఖాళీగా వదిలేయడమే నయం.

తరగతుల తర్వాత చూడాల్సింది ఆ జట్టు రక్షణ పద్ధతి. దాడి పద్ధతి మార్చినా నష్టమే, కానీ నా లెక్కలో రక్షణ మార్పు ఇంకా ఖరీదు. మీరు ప్రెస్ (కోర్టంతా ప్రత్యర్థిని వెంటాడే రక్షణ) ఆడించే కోచ్ అనుకుందాం. అక్కడ ఉన్నవాళ్లు జోన్ (ఒక్కొక్కరు తమ భాగాన్ని కాచుకునే రక్షణ) ఆడినవాళ్లు. ప్రెస్‌లో వాళ్ల ఐక్యూ, అంటే ఆ పద్ధతి మీద పట్టు, అట్టడుగు నుంచి మొదలవుతుంది. అది పెరిగేలోపు సీనియర్లు వెళ్లిపోతారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది శరీరాలది. ప్రెస్‌కు వేగం, స్టామినా, బెంచీ మీద పదిమంది దాకా పనికొచ్చేవాళ్లు కావాలి. జోన్ కోసం ఎంచిన నెమ్మది ఆటగాళ్లు మూడో వంతు సమయానికే అలిసిపోతారు. మొదటి సీజన్ వాళ్ల పాత పద్ధతిలోనే ఆడించి, కొత్తవాళ్లను మీ పద్ధతికి తగ్గట్టు తెచ్చుకుంటూ మారడం ఒక దారి. దానికి ఓపిక కావాలి, ఓపిక లేనివాళ్లు తమ పద్ధతే ఆడే జట్టు దొరికేదాకా ఆగాలి.

కాన్ఫరెన్స్ (తమలో తాము ఎక్కువగా ఆడుకునే కాలేజీల గుంపు) సంగతి తక్కువ ముఖ్యం. డివిజన్ 2లో కంప్యూటర్ నడిపే జట్లు ఎక్కువున్న కాన్ఫరెన్స్ అయితే గెలుపులు సులువు, టోర్నమెంటు ఎంపికలో మాత్రం ఆ గెలుపులకు బరువు తక్కువ. కొత్తగా వెళ్లినవారికి అది చాలు.

డివిజన్ 1కు వెళ్లేటప్పుడు ప్రశ్న మారుతుంది: పెద్ద కాన్ఫరెన్స్‌లో అట్టడుగు జట్టా, చిన్న కాన్ఫరెన్స్‌లో పై జట్టా? పెద్ద కాన్ఫరెన్స్ కాలేజీకి స్వతహాగా ఒక ప్రెస్టీజ్ ఉంటుంది, ఓడినా అది కొంతవరకు పైకి లాగుతూ ఉంటుంది. బలమైన కాన్ఫరెన్స్ కోరే కుర్రాళ్లూ అటే మొగ్గుతారు. కానీ అక్కడ ఆశలు ఎక్కువ, ఉద్యోగం పోవచ్చు కూడా. నేను చిన్న కాన్ఫరెన్స్ వైపే ఉంటాను. నిజ జీవితంలో కోచ్ జాన్ బీలైన్ దారి అదే. అప్పట్లో డివిజన్ 2లో ఉన్న లె మోయిన్ నుంచి 1992లో కనీషియస్‌కు, 1997లో రిచ్‌మండ్‌కు వెళ్లాడు. ఆ రెండు చోట్లా గెలిచాకే 2002లో వెస్ట్ వర్జీనియా, 2007లో మిషిగన్ చేరాడు. మిషిగన్‌ను 2013లోనూ 2018లోనూ జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లాడు.

మరో లోకంలో రెండో జట్టు తీసుకుని ఒకటి కింద, ఒకటి పైన నడపవచ్చా అని కూడా అడుగుతున్నారు. నడపవచ్చు, ఖర్చు రెట్టింపు. డివిజన్ 3లోనే ఇంకో మంచి జట్టుకు మారడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇల్లు కాలేజీకి దగ్గరగా ఉండాలని కోరే కుర్రాళ్లు ఎక్కువ దొరికే ప్రాంతమైతే తప్ప నేను దాని జోలికి పోను.