కెనడా ఆదివాసీల షార్ట్ ఫిల్మ్స్, ఎన్‌ఎఫ్‌బీ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, చూడండి

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళు వీకెండ్‌కి ఏం చూడాలి అని అడుగుతుంటారు కదా, ఈసారి నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా (ఎన్‌ఎఫ్‌బీ) సైట్ ఓపెన్ చేయండి. 1939లో పెట్టిన గవర్నమెంట్ సంస్థ, అక్కడి ఆదివాసీలు తీసిన సినిమాలకి విడిగా సెక్షనే ఉంది, చాలావరకు డబ్బులు కట్టక్కర్లేదు. సినిమాలు ఎక్కువగా ఇంగ్లీష్, ఫ్రెంచ్‌లో, తెలుగు సబ్‌టైటిల్స్ ఉండవు.

ముందు 'క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ' చూడండి. 1971, 13 నిమిషాలు, అలానిస్ ఒబొమ్సావిన్ మొదటి సినిమా, ఆవిడ అబెనాకి జాతి. మూస్ ఫ్యాక్టరీ అనే ఊరి రెసిడెన్షియల్ స్కూల్లో క్రీ తెగ పిల్లలు వేసుకున్న క్రేయాన్ బొమ్మలే మొత్తం సినిమా, కథ కూడా వాళ్ళ గొంతులోనే వినిపిస్తుంది. ఆ స్కూళ్ళు ఏంటంటే పిల్లల్ని ఇంటి నుంచి లాక్కొచ్చి సొంత భాష మాట్లాడితే శిక్షించిన స్కూళ్ళు, 1990ల దాకా నడిచాయి. అది తెలిసి చూస్తే ఆ బొమ్మల్లో ఇల్లు, మంచు, అమ్మానాన్న కనిపించినప్పుడల్లా గుండె పట్టేసినట్టు అవుతుంది. నా రూమ్మేట్ ఉట్నూర్ వైపు గోండు, ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాడు, అది అయ్యాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మా ఊరి పిల్లలకి ఎవరైనా ఇలా క్రేయాన్స్ ఇచ్చి అడిగారా అన్నా" అన్నాడు. రెండు రకాల స్కూళ్ళూ ఒకటే అని నేననట్లేదు, కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

'ద బాలడ్ ఆఫ్ క్రోఫుట్' 1968ది, పది నిమిషాలు, విల్లీ డన్ అనే మిక్మా గాయకుడు తన పాట మీద పాత ఫోటోలు, పేపర్ కటింగ్స్ పేర్చుకుంటూ పోయాడు, క్రోఫుట్ అంటే 1877లో కెనడా ప్రభుత్వంతో ట్రీటీ 7 అనే భూముల ఒప్పందం మీద సంతకం పెట్టిన బ్లాక్‌ఫుట్ తెగ నాయకుడు. పాట తెలియకపోయినా ఆ ముఖాలు చూస్తే చాలు.

'యు ఆర్ ఆన్ ఇండియన్ లాండ్' కొంచెం పెద్దది, 36 నిమిషాలు. అమెరికా కెనడా బోర్డర్ మోహాక్ అనే ఆదివాసీల నేల మధ్యలోంచే పోతుంది, వాళ్ళు తెచ్చుకునే సరుకులకి కస్టమ్స్ డ్యూటీ వేస్తే 1968 డిసెంబర్‌లో బ్రిడ్జి మీద దారి ఆపేశారు, 1794 నాటి ఒప్పందం ప్రకారం అది మా హక్కు అని. డైరెక్టర్‌గా మోహాక్ మనిషి మైక్ మిచెల్ పేరు పడడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది, నాకు కోపం వచ్చింది అక్కడే. ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవడానికి కూడా ఇంత పోరాటమా?

టైముంటే 'త్రీ థౌజండ్' (2017) కూడా చూడండి, బయటివాళ్ళు ఎప్పుడో తీసిన పాత ఫుటేజీని అసిన్నాజాక్ అనే ఇన్యూట్ అమ్మాయి తనవాళ్ళ కోసం మళ్ళీ కూర్చింది, చివర్లో యానిమేషన్‌లో వాళ్ళ భవిష్యత్తు కూడా చూపిస్తుంది. ఇది ఫోన్లో వద్దు, పెద్ద స్క్రీన్ మీద చూడండి. కోయ, చెంచు, గోండు వాళ్ళు సొంతంగా తీసుకున్న షార్ట్ ఫిల్మ్స్ మీకు తెలిస్తే కింద పెట్టండి, నేనూ మా రూమ్మేట్ ఇద్దరం చూస్తాం.