నెక్సాన్ ఈవీతో ఏడాదిన్నర: సెల్లార్ ప్లగ్గు నుంచి సూర్యాపేట ఛార్జింగ్ గన్ దాకా

ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో కావడంతో రానూపోనూ రోజుకు సుమారు 75 కిలోమీటర్లు తిరగక తప్పని మనిషిని నేను. ఆ లెక్క చూసుకునే టాటా నెక్సాన్ ఈవీ అనే ఎలక్ట్రిక్ కారులో 40.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే కరెంటు బిల్లు భాషలో 40.5 యూనిట్లు పట్టే బండి తీసుకున్నాను. రంగు, తెరలు, సీట్ల గురించి ఇప్పటికే అందరూ రాశారు కాబట్టి ఛార్జింగ్ సంగతులకే పరిమితమవుతాను.

ఇంటి దగ్గర అసలు పని ప్లగ్గు పెట్టించుకోవడమే. ఉన్న కనెక్షన్ నుంచే ఇంట్లో, ఆఫీసులో వాహనాన్ని ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉన్నా, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను ఒప్పించడానికి రెండు సమావేశాలు పట్టాయి. చివరకు నా సొంత మీటర్ నుంచే సెల్లార్‌లోని పార్కింగ్ దాకా మందపాటి రాగి తీగ లాగించి, విడిగా ఎంసీబీ (లోడు మితిమీరితే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చు) పెట్టించి, ఎర్తింగ్ కొత్తగా వేయించాను. ఎర్తింగ్ దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు, ఎందుకంటే అది సరిగా లేకపోతే చాలా బళ్ల ఛార్జర్లు పని మొదలుపెట్టవు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచెత్తడం చూసిన ఊరు కదా, మా వైపు నీళ్లు రాకపోయినా ప్లగ్గును ఛాతీ ఎత్తున పెట్టించాను.

15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు మూడు యూనిట్లకు కాస్త ఎక్కువగా ఎక్కుతుంది. గుంటూరు వెళ్లివచ్చిన రోజున దాదాపు 11 యూనిట్లు పడతాయి కనుక, రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లవారేలోగా ఎప్పుడో నిండిపోతుంది. అయితే బిల్లు విషయంలో నేను మొదట పొరబడ్డాను. నెలకు 260 యూనిట్లకు పైగా బండికే పోతే ఇంటి వాడకంతో కలిసి 400 దాటుతుంది, అక్కడి నుంచి గృహ శ్లాబులో యూనిట్ 9.75 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు దానిపై అదనం. అంత రేటులోనూ కిలోమీటరుకు రూపాయిన్నర లోపే తేలుతోంది. లీటరు 109 రూపాయలు దాటిన పెట్రోలుతో నా పాత బండికి ఏడు రూపాయలు అయ్యేది. నాలాగా రోజూ తిరిగేవారు ఈవీకి విడిగా కనెక్షన్ తీసుకుంటే ఈ పై శ్లాబు బెడద కూడా ఉండదు.

ఇక దూర ప్రయాణం. కాగితం మీద ఈ బండి రేంజ్, అంటే ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం, 465 కిలోమీటర్లు. కానీ ఆ పరీక్ష ఏ కంపెనీ బండికైనా ప్రయోగశాలలోని రోలర్ల మీద, ఏసీ లేకుండా, ఊళ్లో నడిపేంత సగటు వేగంతో జరుగుతుంది. హైవే మీద 90 వేగంతో, ఏసీ వేసుకుని, నలుగురం సామానుతో వెళ్తే యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తున్నాయి. హైదరాబాద్ దాదాపు 270 కిలోమీటర్లు కాబట్టి లెక్కకు సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, ఆ ధైర్యం చేయకూడదు. మనం సముద్రమట్టానికి పాతిక మీటర్లు కూడా లేని కృష్ణ ఒడ్డున బయలుదేరి, 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి మీదికి ఎక్కుతున్నాం. కంటికి చదునుగా కనిపించే ఆ దారిలో, మనుషులతో సహా 1,700 కిలోల బండిని అంత ఎత్తుకు మోయడానికే రెండున్నర యూనిట్లు ఖర్చవుతాయి. అందుకే పోయేటప్పటి కన్నా వచ్చేటప్పుడు అదే బండి, అదే వేగంతో మెరుగ్గా నడుస్తుంది. మొదటిసారి దీన్ని బండి లోపమేమోనని అనుమానించిన మాట ఒప్పుకోవాలి.

కనుక సగం దారిలో, సూర్యాపేటలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగుతాం. ఇంట్లో నూరు శాతంతో బయలుదేరితే అక్కడికి సగం మిగులుతుంది. 80 శాతం దాటాక ఛార్జింగ్ వేగం బాగా పడిపోతుంది కాబట్టి 85 వరకే పెట్టి బయలుదేరితే చాలు, అరగంట పని. టిఫిన్, టీ ముగిసేసరికి అయిపోతుంది, అంటే అన్నీ సవ్యంగా ఉంటే.

సవ్యంగా లేని రోజు ఎలా ఉంటుందో కిందటి మే నెలలో తెలిసింది. స్టేషన్ పేరు చెప్పను. యాప్‌లో ఆకుపచ్చగా, ఖాళీగా కనిపించిన చోటికి మధ్యాహ్నం ఒంటిగంటకు చేరితే, గన్ (బండికి తగిలించే ఛార్జింగ్ తీగ పిడి) ముందు ఒక పెట్రోలు కారు నిలబెట్టి ఉంది. దాని యజమాని భోజనం ముగించి వచ్చేదాకా ఇరవై నిమిషాలు, ఆ తర్వాత యాప్‌లో కనీస మొత్తం వేయడానికి పది నిమిషాలు. తీరా గన్ పెట్టాక ఆరు నిమిషాలకే కరెంటు పోయి మొత్తం ఆగింది. తిట్టడానికైనా అక్కడ మనిషి లేడు. నెత్తిన రేకు కూడా లేని ఆ రోళ్లు పగిలే ఎండలో మా అమ్మగారిని కూర్చోబెట్టలేక, మిగిలిన 52 శాతంతోనే మరో స్టేషన్ వెతుక్కుంటూ కదిలాం. అక్కడ రెండు గన్‌లు, పైన షెడ్డు, పక్కనే శుభ్రమైన మరుగుదొడ్డి, అన్నిటికీ మించి ఒక కుర్రాడు ఉన్నారు. రేటు యూనిట్‌కు మూడు రూపాయలు ఎక్కువైనా ఆ తర్వాత ప్రతిసారీ అక్కడికే వెళ్తున్నాను. ఛార్జర్ పెట్టె మీద రాసిన కిలోవాట్ల, అంటే ఛార్జింగ్ వేగం, కన్నా ఆ కుర్రాడి విలువే ఎక్కువని నాకనిపిస్తుంది.

బయట ఛార్జింగ్‌కు నేను కట్టింది యూనిట్‌కు 18 నుంచి 25 రూపాయల దాకా ఉంది. బండి మీద జీఎస్టీ 5 శాతమే గానీ, ఛార్జింగ్ సేవ మీద 18 శాతం పడుతోంది. ఆ తేడా ఎందుకో నాకు అంతుబట్టలేదు.

సంక్రాంతికి మాత్రం ఈ బండే హాయి. హైదరాబాద్ దారిలోని పంతంగి టోల్ దగ్గర గంట సేపు నత్తనడక నడిచినా, చలికాలంలో ఏసీ పెద్దగా అక్కర్లేదు కాబట్టి రెండు శాతం కూడా తగ్గలేదు. చిక్కంతా గన్ దగ్గరి వరుసలోనే. ఆ వారం సూర్యాపేటలో మా ముందు నాలుగు బళ్లు ఉన్నాయి. అందుకే ఈసారి పండక్కి తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరి, టిఫిన్ వేళకు ముందే గన్ అందుకోవాలని నిర్ణయించుకున్నాం.