కార్బ్యురేటర్ సెస్నాలో ఫ్యూయల్ ఫ్లో మీటర్: టేకాఫ్ అంకెను ఎప్పుడు నమ్మొచ్చు?

డాలస్ దగ్గర మేం నలుగురం కలిసి తిప్పుకునే 1981 నాటి సెస్నా 172పికి గంటకి ఎన్ని గాలన్ల ఇంధనం వెళ్తోందో చూపించే డిజిటల్ ఫ్యూయల్ ఫ్లో మీటర్ పెట్టించి చాలా ఏళ్లయింది. ఇంజిన్ లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్. క్రూయిజ్‌లో ఈ మీటర్‌కి వంక పెట్టలేం. టేకాఫ్‌లో మాత్రం తొందరపడి చూస్తే తికమక పెడుతుంది.

థ్రాటిల్ పూర్తిగా తోయగానే అంకె పైకీ కిందకీ ఊగుతుంది. సెన్సర్ ఉండేది కార్బ్యురేటర్‌కి ముందు పైపులో కదా, అది లెక్కపెట్టేది ఫ్లోట్ బౌల్‌లోకి (కార్బ్యురేటర్‌లో ఇంధనం నిలిచే చిన్న గిన్నెలోకి) వచ్చే ఇంధనాన్ని, ఇంజిన్ తాగేదాన్ని కాదు. బౌల్ లెవెల్ సర్దుకునేదాకా ఆ అంకెకి విలువ లేదు. అందుకే రన్‌వే మీద నేను దానివైపు చూడను, ఆర్‌పిఎం, ఆయిల్ ప్రెషర్, ఎయిర్‌స్పీడ్ చాలు. క్లైంబ్ కుదురుకున్నాక చూస్తే గంటకి 13 గాలన్ల దగ్గర నిలబడుతుంది. హార్స్‌పవర్‌లో పదో వంతు, అంటే 16 రావాలి కదా అని కొందరు గాబరా పడతారు. అది 2700 ఆర్‌పిఎంలో పూర్తి పవర్ తీసినప్పటి లెక్క, బ్లేడ్ కోణం మారని ఈ ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్‌తో క్లైంబ్‌లో అంత తిరగదు.

అసలు ఉపయోగం ఏంటంటే, ఎప్పటి అంకె ఎంతో తెలిసుండటం. ఒకసారి యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక అది పదకొండున్నరకి పడిపోయింది, ఈజీటీలు (ఎగ్జాస్ట్ గ్యాస్ ఉష్ణోగ్రతలు) మామూలు కంటే ఎక్కువున్నాయి. కౌలింగ్ (ఇంజిన్ మూత) తీసి చూస్తే, కాక్‌పిట్‌లో ఇంధనం పాళ్లు మార్చే మిక్స్చర్ నాబ్ పూర్తిగా నొక్కే ఉంది, కార్బ్యురేటర్ దగ్గర దాని కేబుల్‌తో కదిలే ఆర్మ్ మాత్రం ఇంధనం పూర్తిగా వదిలే స్టాప్‌ని తాకట్లేదు, మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు! కేబుల్ సరిచేయించాక మళ్లీ 13. కొన్ని ఇంజెక్షన్ ఇంజిన్లలోలాగా ఫుల్ పవర్ ఫ్లో పెంచడానికి ఇక్కడ స్క్రూ ఏమీ ఉండదు, ఉన్నది ఐడిల్ మిక్స్చర్‌కే. కాబట్టి అంకె తగ్గితే ముందు ఆర్మ్, తర్వాత ఫిల్టర్ జాలీ, ట్యాంక్ వెంట్ చూడాలి.

నాకు నచ్చనిది కాలిబ్రేషన్. సెన్సర్ ట్యాగ్ మీదున్న కె-ఫ్యాక్టర్ (ఒక గాలన్‌కి సెన్సర్ ఇచ్చే పల్స్‌ల లెక్క) పెట్టినా మాది ఎక్కువే చూపించేది, బంకులో నింపిన గాలన్లతో పోల్చుకుంటూ మెల్లగా సరిచేసుకోవాల్సొచ్చింది. టేకాఫ్ చెక్ కోసమే కొంటున్నారా? అయితే ముందు నాలుగు సిలిండర్లకీ ఈజీటీ పెట్టించుకోండి, ఇది తర్వాత. ఇంకోటి, పంపు లేకుండా ట్యాంకుల నుంచి ఇంధనం దానంతటదే కిందకి దిగే గ్రావిటీ ఫీడ్ విమానంలో సెన్సర్ బిగించాక, టేకాఫ్‌కి కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు ఇంధనం కార్బ్యురేటర్ దాకా వస్తోందో లేదో మెకానిక్ చేత కొలిపించకుండా ఎగరొద్దు.