నాలుగు కంప్యూటర్లు, ఒకే ప్రింటర్: ఇంటి నెట్‌వర్క్‌పై పన్నెండేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

మల్కాజిగిరిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింది పోర్షన్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటారు. పైన మేము ముగ్గురం ఉంటాము. నేను ఇంటి నుంచే పుస్తకాలకు డీటీపీ చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. అందువల్ల కంప్యూటరూ ప్రింటరూ మా ఇంట్లో గ్యాసు పొయ్యిలాగా ప్రతిరోజూ వెలగవలసిన వస్తువులు. నా డెస్క్‌టాప్, మావారి ల్యాప్‌టాప్, అమ్మాయి ల్యాప్‌టాప్, కింద మామయ్యగారి పాత డెస్క్‌టాప్ కలిపి నాలుగు యంత్రాలున్నాయి. ప్రింటర్ మాత్రం ఒక్కటే. 2013 నుంచి ఇప్పటి వరకు వీటి మధ్య ఫైళ్ళనూ ప్రింటర్‌నూ పంచుకోవడానికి మూడు పద్ధతులు వాడాము. ఏ పద్ధతి మా ఇంట్లో ఎంతకాలం నిలిచిందో, ఎక్కడ ఆగిపోయిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి పద్ధతి విండోస్ 7తో వచ్చిన హోమ్‌గ్రూప్. ఒక కంప్యూటర్‌లో గ్రూపును సృష్టిస్తే అదే ఒక పాస్‌వర్డ్ ఇచ్చేది. మిగతా కంప్యూటర్లలో దాన్ని ఒక్కసారి కొడితే ఫోటోలు, పత్రాలు, ప్రింటర్ అన్నీ కనిపించేవి. ఆ పాస్‌వర్డ్‌ను మామయ్యగారు పంచాంగం అట్ట లోపల రాసిపెట్టుకున్నారు. కంప్యూటర్ పరిజ్ఞానం అంతగా లేనివారికి అంత సులువైన ఏర్పాటు మళ్ళీ నాకు కనిపించలేదు. 2018లో వచ్చిన విండోస్ 10, 1803 వెర్షన్‌లో ఆ సదుపాయాన్ని తొలగించారు. అప్పటికే పంచిన ఫోల్డర్లు, ప్రింటర్ పనిచేస్తూనే ఉన్నాయి గానీ, అమ్మాయికి కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాన్ని ఆ గ్రూపులో చేర్చే దారి లేకపోయింది.

అప్పుడు రెండో పద్ధతికి, అంటే నా డెస్క్‌టాప్‌లోని ఫోల్డర్లనూ ప్రింటర్‌నూ నేరుగా షేర్ చేయడానికి మారాము. ఇది ఇప్పటికీ చాలా ఇళ్ళలో వాడుతున్న పద్ధతి కాబట్టి మాకు ఎదురైన చిక్కులను కొంచెం విడమరిచి చెబుతాను. మొదటిది, వైఫైకి కలిపేటప్పుడు విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తిస్తే మన కంప్యూటర్ ఇతరులకు కనిపించదు; ఇంటి నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చుకోవాలి. రెండోది, ఫోల్డర్‌కు రెండు రకాల అనుమతులుంటాయి: షేరింగ్ అనుమతి ఒకటి, డిస్కులోని ఫైలు భద్రతా అనుమతి మరొకటి. ఈ రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో అందరికీ పూర్తి అనుమతి ఇచ్చాను కదా, ఎందుకు తెరుచుకోవడం లేదని నేను రెండు రోజులు వెతికింది రెండో అనుమతి సంగతి తెలియకనే.

మూడోది అందరికంటే ఎక్కువగా మామయ్యగారిని ఇబ్బంది పెట్టింది. నా డెస్క్‌టాప్ తెరవడానికి నేను నాలుగంకెల పిన్ వాడతాను. కింద నుంచి నా ఫోల్డర్ తెరిచినప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే ఆయన అదే పిన్ కొట్టేవారు; అది ఎన్నిసార్లు కొట్టినా పనిచేయదు. పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవారికే పరిమితం, నెట్‌వర్క్ మీద వచ్చేవారికి అసలు పాస్‌వర్డే కావాలి. దీనికి నేను కనుగొన్న మంచి మార్గం ఏమిటంటే, నా డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక ప్రత్యేకమైన లోకల్ ఖాతా తెరిచి, దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, మిగతా మూడు యంత్రాల్లో ఒక్కసారి నమోదు చేసి గుర్తుపెట్టుకోమని చెప్పడం. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ ఎవరికీ ఎదురుకాలేదు.

అయితే ఈ పద్ధతిలో అసలు లోపం అనుమతుల్లో లేదు. ప్రింటర్ నా డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ తీగతో కలిపి ఉన్నంతకాలం, నా డెస్క్‌టాప్ వెలిగితేనే ఇంట్లో కాగితం అచ్చవుతుంది. 2019లో ఒకరోజు అత్తయ్యగారిని ఉదయం ఏడు గంటలకు డాక్టరుకు చూపించవలసి ఉండగా, డయాగ్నొస్టిక్ సెంటర్ వారు పంపిన రిపోర్టులను ప్రింటు తీయడానికి మామయ్యగారు తెల్లవారుజామున అయిదింటికే తన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. రాత్రి రెండింటి వరకు ప్రూఫులు దిద్ది నేను కంప్యూటర్ ఆపేసి పడుకున్నాను. నన్ను లేపడం ఇష్టం లేక ఆయన ఆరున్నర దాకా కింద కూర్చుని ఎదురుచూశారు. డెబ్బై దాటిన మనిషి ఒక్క కాగితం కోసం అలా కూర్చోవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది. పంచుకునే వస్తువు ఏ ఒక్కరి నిద్రా మెలకువల మీదా ఆధారపడకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఆ నిర్ణయంతో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి రాస్‌బెరీ పై 4 బోర్డు ఒకటి కొన్నాము. అరచేతిలో పట్టే ఈ చిన్న కంప్యూటర్‌లో గిగాబిట్ ఈథర్‌నెట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగంతో నడిచే తీగ నెట్‌వర్క్), యూఎస్‌బీ 3 ఉన్నాయి. రోజంతా వెలిగినా కరెంటు ఖర్చు చాలా తక్కువ. ఫైళ్ళ కోసం అందులో సాంబా, ప్రింటర్ కోసం కప్స్ అనే సాఫ్ట్‌వేర్లు వేశాము. రెండూ ఉచితమే. సాంబాను ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు. విండోస్ మాట్లాడే ఎస్ఎంబీ భాషలోనే అది మాట్లాడుతుంది కాబట్టి మా కంప్యూటర్లకు ఆ చిన్న పెట్టె మరో విండోస్ యంత్రంలాగే కనిపిస్తుంది. దీన్ని అమర్చడంలో సగం శ్రమ అమ్మాయిది. అయిదేళ్ళకు పైగా ఇదే మా మూడో పద్ధతి, ఇప్పటికీ నడుస్తున్నది.

దీన్ని కొనాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ విషయం. ఈ బోర్డు విండోస్‌తో కాక లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుస్తుంది, ఇందులోని ప్రాసెసర్ ఏఆర్ఎం రకానికి చెందినది. కొన్ని కంపెనీలు లైనక్స్ డ్రైవర్ ఇస్తాయి గానీ, అది ఇంటెల్ రకం ప్రాసెసర్లకు మాత్రమే పనికివస్తుంది. అలాంటి ప్రింటర్ ఉంటే ఈ పెట్టె కొని ప్రయోజనం లేదు. సోర్సు బహిరంగంగా ఉన్న డ్రైవర్ దొరికే ప్రింటర్ అయితే ఇబ్బంది ఉండదు. మా ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కు అది దొరకడం వల్లనే ఈ ఏర్పాటు కుదిరింది. రెండో విషయం విద్యుత్తు. మొదట ఇంట్లో ఉన్న ఒక ఫోను చార్జర్‌తో నడిపితే డిస్కు మధ్యమధ్యలో మాయమయ్యేది. ఈ బోర్డుకు అయిదు వోల్టుల వద్ద మూడు ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి బోర్డు ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లు మాత్రమే కాబట్టి బయటి హార్డ్ డిస్కును సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కు కలపడం మంచిది.

కరెంటు పోవడం గురించి వేరుగా చెప్పాలి. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో రౌటరూ ఈ పెట్టే ఆగి మళ్ళీ మొదలయ్యేవి. 2022 వేసవిలో అలా నాలుగైదుసార్లు జరిగాక, పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్న మెమరీ కార్డు పాడై పెట్టె లేవలేదు. ఫైళ్ళు వేరే డిస్కులో ఉన్నందువల్ల ఏమీ పోలేదు. ఆ తర్వాత మెమరీ కార్డు మానేసి చిన్న ఎస్ఎస్‌డీ నుంచి నడపడం మొదలుపెట్టాము. రౌటర్‌కూ పెట్టెకూ చిన్న యూపీఎస్‌లు పెట్టాము. మళ్ళీ ఆ సమస్య రాలేదు.

ఇక నెట్‌వర్క్ విషయం. ఇంటర్‌నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ కింద హాల్లో ఉంది. దాని వైఫై స్లాబు దాటి పైకి సరిగ్గా రాకపోవడంతో పైన మరో రౌటర్ పెట్టించాము. అది పెట్టిన రోజు నుంచి ఇంటర్‌నెట్ రెండు చోట్లా బ్రహ్మాండంగా వస్తున్నది గానీ, కింది కంప్యూటర్‌కు పై కంప్యూటర్లు కనిపించడం మానేశాయి. కారణం ఏమిటంటే, పై రౌటర్ తన సొంత నెట్‌వర్క్‌ను సృష్టించింది: కింది యంత్రాల చిరునామాలు 192.168.0 తోనూ, పై యంత్రాలవి 192.168.1 తోనూ మొదలవుతున్నాయి. ఒకే ఇంట్లో రెండు వేరువేరు వీధులు ఏర్పడి, మధ్యలో గోడ కట్టినట్లయింది. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు, అంటే సొంత నెట్‌వర్క్ సృష్టించకుండా కింది నెట్‌వర్క్‌నే పైన అందించే పద్ధతికి మార్చగానే అన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. ఆ మోడ్ లేని రౌటర్ అయితే అందులో డీహెచ్‌సీపీ (యంత్రాలకు చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపి, దాని చిరునామాను కింది రౌటర్‌తో ఢీకొనకుండా మార్చి, కింది నుంచి వచ్చే తీగను వాన్ (ఇంటర్‌నెట్ తీగ పెట్టే) పోర్టులో కాకుండా లాన్ (ఇంటి యంత్రాలను కలిపే) పోర్టులో పెట్టాలి. రెండంతస్తుల ఇళ్ళలో ప్రింటర్ కనిపించడం లేదని నన్ను అడిగినవారందరికీ నేను మొదట చూడమని చెప్పేది ఇదే.

కింది నుంచి పైకి వేసిన కేబుల్‌లో మరో సమస్య దాగి ఉన్నదని రెండేళ్ళ తర్వాత గాని తెలియలేదు. బంధువుల పెళ్ళి వీడియోలు, ఫోటోలు కలిపి దాదాపు 40 జీబీల ఫోల్డర్‌ను పెట్టెలోకి ఎక్కించడానికి గంట పట్టింది; సెకనుకు 11 ఎంబీలకు మించలేదు. రౌటర్, బోర్డు, కంప్యూటర్ అన్నీ గిగాబిట్‌వే. చివరకు కొన విప్పి చూస్తే, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండు జతలనే కనెక్టర్‌లో బిగించి మిగతావి కత్తిరించేశారు. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. రెండు కొనలూ కొత్తగా క్రింపు చేయించగానే అదే పరిమాణం ఏడెనిమిది నిమిషాల్లో వెళ్ళింది. ఇల్లు కట్టుకుంటున్నవారు, రంగులు వేయించుకుంటున్నవారు గోడలో కేబుల్ వేయించేటప్పుడు ఈ ఒక్క పని దగ్గరుండి చూసుకోవాలని నా విన్నపం.

పెట్టెకు రౌటర్‌లో ఒక స్థిరమైన చిరునామా కేటాయించి, అన్ని కంప్యూటర్లలో ఆ చిరునామాతోనే డ్రైవ్‌నూ ప్రింటర్‌నూ కలిపాము. పేరుతో కలిపినప్పుడు కొన్ని రోజులు కనిపించేది, కొన్ని రోజులు కనిపించేది కాదు. చిరునామాతో కలిపిన తర్వాత ఆ అస్థిరత పోయింది.

భద్రత విషయంలో నా అభిప్రాయం కాలక్రమంలో మారింది. మొదట్లో మన ఇల్లే కదా అని పెట్టెలోని ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండా అతిథులకు కూడా తెరిచి ఉంచాను. 2017 మేలో వ్యాపించిన వానాక్రై వైరస్ ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపాన్నే ఆసరా చేసుకుని ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకింది. ఆ సంవత్సరం చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ పాత ఎస్ఎంబీని ముందుగానే ఆపి ఇస్తున్నారు. పాత పరికరం ఒకటి పనిచేయడం లేదని దాన్ని మళ్ళీ తెరవమని సలహా ఇచ్చేవారున్నారు, ఎవరూ తెరవవద్దు. విండోస్ 11, 24హెచ్2 వెర్షన్ వచ్చాక నా ప్రో ఎడిషన్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్ లేని ఫోల్డర్‌ను తెరవడానికి నిరాకరించింది. మొదట విసుగనిపించినా, అది చేసినదే సరైన పని అని ఒప్పుకుని పెట్టెలో ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా తెరిచాను. ఈ షేరింగ్ వాడే 445 నంబరు పోర్టు అనే దారిని రౌటర్ ద్వారా బయటి ఇంటర్‌నెట్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు.

షేర్డ్ ఫోల్డర్ ఉంటే బ్యాకప్ ఉన్నట్లేనని మావారు చాలాకాలం నమ్మారు. అందరూ రాయగలిగే ఫోల్డర్‌ను ఎవరైనా పొరపాటున చెరిపేయగలరు. ఒక ల్యాప్‌టాప్‌లో చేరిన వైరస్ కూడా అదే పని చేయగలదు. అందుకే ప్రతి ఆదివారం మరో డిస్కుకు నకలు తీసి, ఆ డిస్కును విప్పి బీరువాలో పెడతాను.

తెలుగు పని చేసేవారికి ఒక మాట. యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతిలో) ఉన్న తెలుగు ఫైలు పేర్లు ఈ పెట్టెలో ఏ ఇబ్బందీ లేకుండా నిలిచాయి. కాని యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలును షేర్డ్ ఫోల్డర్ నుంచి ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే, అక్షరాల బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి, అవే అచ్చవుతాయి. అది నెట్‌వర్క్ తప్పు కాదు. ఫైలు ప్రయాణిస్తుంది గాని ఫాంటు దానితో ప్రయాణించదు. నేను ప్రతి ఫారమునూ (పుస్తకంలో కలిపి అచ్చువేసే పేజీల భాగాన్ని) నా డెస్క్‌టాప్‌లోనే ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా మార్చి, దాన్నే షేర్డ్ ఫోల్డర్‌లో పెడతాను. అప్పుడు కింద మామయ్యగారు తీసినా, పైన అమ్మాయి తీసినా ఒత్తులు, గుణింతాలు ఉన్నవి ఉన్నట్లే అచ్చవుతాయి.

ఫోన్ల నుంచి ప్రింటు తీయడం నేను అనుకున్నదానికంటే సులభంగా కుదిరింది. కప్స్ తనను తాను నెట్‌వర్క్‌లో ప్రకటించుకోవడం వల్ల అమ్మాయి ఐఫోన్‌లో ప్రింటర్ దానంతట అదే కనిపించింది. స్కానింగ్ మాత్రం ఇంకా పూర్తిగా తృప్తికరంగా లేదు. ప్రింటర్‌ను షేర్ చేసినంత మాత్రాన దానిలోని స్కానర్ షేర్ కాదు. పెట్టెలో స్కానర్‌ను నడిపే సేన్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, స్కాన్ చేసిన పేజీలు షేర్డ్ ఫోల్డర్‌లో పడేలా అమర్చాము గానీ, కాగితం పెట్టడానికి ఎలాగూ పైకి రావాలి. మోకాళ్ళ నొప్పితో మామయ్యగారు మెట్లెక్కుతున్నారు. వచ్చే దసరాకు నెట్‌వర్క్ పోర్టు ఉన్న ప్రింటర్ కొని దాన్ని కింది హాల్లోనే పెట్టాలని, ఈ పెట్టెను ఫైళ్ళకు మాత్రమే ఉంచాలని అనుకుంటున్నాము. కింది హాల్లో గోడ దగ్గర కేబుల్ పాయింట్ ఇప్పటికే తీయించాను, ఈసారి నాలుగు జతలూ బిగించారో లేదో నేనే చూశాను.