ఏలియన్ బొమ్మ కొన్నాను: తల అదిరింది, ఫేస్‌హగ్గర్ దగ్గర తేడా కొట్టింది

1979 నాటి 'ఏలియన్' సినిమాలోని జీవి బొమ్మ ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఏడంగుళాలుంటుంది, తోడుగా ఒక గుడ్డు, ఒక ఫేస్‌హగ్గర్ (ఆ గుడ్డులోంచి వచ్చి మనిషి ముఖానికి అతుక్కుపోయే జీవి) ఇచ్చారు. డబ్బా మూల నొక్కుకుపోయి వచ్చింది గానీ లోపల ఏం విరగలేదు.

నేను కొన్నదే తల కోసం. చౌక బొమ్మలకి 1986లో వచ్చిన రెండో సినిమాలోని గాడులు పడ్డ తల తగిలించి మొదటి సినిమాదని అమ్మేస్తుంటారు. దీనికి మాత్రం నున్నటి పారదర్శకమైన డిప్ప ఉంది. రాత్రి లైట్లు ఆర్పి ఫోన్ టార్చి పైనుంచి వేస్తే, ముందు భాగంలో డిప్ప కింద మనిషి పుర్రె లీలగా కనిపించింది, అబ్బ, డబ్బులు అక్కడే వసూలయ్యాయి. కళ్లు లేవు, అది లోపం కాదు. దీన్ని ఊహించిన స్విస్ చిత్రకారుడు గీగర్ కావాలనే పెట్టలేదు, అది ఎటు చూస్తోందో మనకి తెలియకపోవడమే అసలు భయం. లోపలి దవడ వేలితో లాగితే బయటికొస్తుంది. మోరే ఈల్ చేపకి గొంతులో ఇలాంటి రెండో దవడే ఉందని, అది ముందుకొచ్చి ఎరని లోపలికి లాక్కుంటుందని శాస్త్రవేత్తలు 2007లో చూపించారు, సినిమా వచ్చిన 28 ఏళ్లకి!

తొడలు మాత్రం జిమ్‌కి వెళ్లొచ్చినట్టున్నాయి. సినిమాలో ఆ సూట్ వేసుకున్నది బొలాజీ బడేజో అనే నైజీరియా కుర్రాడు, దాదాపు ఏడడుగుల పొడవు, సన్నటి కాళ్లు చేతులు, అందుకే అది నిలబడితే లోపల మనిషున్నాడనిపించదు.

ఇక ఫేస్‌హగ్గర్. వేళ్లలాంటి కాళ్లు ఎనిమిదుండాలి, నాకొచ్చిన దానికి ఆరే. చిన్న విషయం అనుకోకండి, ఆ కాళ్లతో ముఖాన్ని పట్టుకుని, తోకని మెడకి చుట్టి, మనిషిని చావనివ్వకుండా ఊపిరి అందిస్తూ లోపల పిల్లని పెడుతుంది, కోసి తీద్దామంటే దాని రక్తం యాసిడ్. మన ఇళ్లలో కిటికీ మూల మట్టిగూడు కట్టే కందిరీగ చేసేదీ ఇంచుమించు ఇదే, సాలీడుని కుట్టి కదలకుండా చేసి, బతికుండగానే గూట్లో పెట్టి గుడ్డు పెడుతుంది, పిల్ల దాన్ని తింటూ పెరుగుతుంది. ఆ పట్టే లేకపోతే మిగతా కథంతా ఎక్కడిది?

అమ్మినవాళ్లకి ఫొటో పంపితే "డిజైనే అంత సార్" అన్నారు. తల కోసమైతే కొనండి, ఫేస్‌హగ్గర్ కోసం మాత్రం వద్దు, నాదైతే గుడ్డులోకి దూర్చేసి మూత పెట్టేశాను.