ఏడాది సంది ఆర్గో సీడీ వాడుతున్నం, మా అనుభవం ఇది

నల్లగొండల 6 గురం కలిసి బత్తాయి రైతులకు, వ్యాపారులకు ఒక యాప్ నడుపుతున్నం. రేట్లు, ఆర్డర్లు, పేమెంట్లు, మెసేజ్‌లు అని 9 చిన్న సర్వీసులు, అన్నీ డాకర్ కంటైనర్లే (కోడ్, దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన డబ్బాలు), ఆ కంటైనర్లను సర్వర్ల మీద నడిపే కుబర్నెటిస్ మీద నడుస్తయి. ఇంతకుముందు డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్లకు ఎక్కించుడు) అంటే ఎవరో ఒకరు ల్యాప్‌టాప్‌ల నుంచి స్క్రిప్ట్ కొట్టుడే. ఒకనాడు పొద్దుగాల రేట్ల సర్వీస్ పడిపోయింది, మార్కెట్ కాడికెంచి రైతులు ఫోన్ల మీద ఫోన్లు, పాతదానికి పోదామంటే అన్ని ఇమేజ్‌లకూ (కంటైనర్ లేచే ప్యాకేజీలకు) లేటెస్ట్ అనే ట్యాగే (పేరు చీటీ) ఉండె, నిన్నటిది ఏదో ఇయ్యాల్టిది ఏదో తెల్వక గంటన్నర ఆగమైనం.

గప్పుడు ఆర్గో సీడీ పెట్టుకున్నం. గిట్‌ల (కోడ్ మార్పులన్నీ దాచేది) ఏం రాసి ఉంటే క్లస్టర్‌ల (కుబర్నెటిస్ నడిపే సర్వర్ల గుంపు) అదే నడిచేటట్టు చూసే టూల్ ఇది. ఓపెన్ సోర్స్, పైసలు లేవు, ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీల మొదలైంది, 2022ల సీఎన్‌సీఎఫ్ల (కుబర్నెటిస్ లాంటి ప్రాజెక్టులను చూసుకునే సంస్థ) గ్రాడ్యుయేట్ అయింది, అంటే బాగ కుదురుకున్నదని ఒప్పుకున్నరు. ఇది ఇమేజ్ బిల్డ్ చెయ్యదు, టెస్టులు నడపదు, ఆ పనికి మాకు గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌ల ఇసుంటి పనులు దానంతటదే చేసేది) ఉంది. కోడ్ పుష్ చేస్తే టెస్టులు అయితయి, ఇమేజ్ బిల్డ్ అయి కమిట్ (గిట్‌ల ఒక్కో మార్పు) నంబరే ట్యాగుగా రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే చోటు) పోతది, యాక్షన్స్ ఆ నంబర్‌ను వేరే కాన్ఫిగ్ రిపోల (ఏం నడవాలెనో రాసిపెట్టే గిట్ ఫోల్డర్) రాస్తది, ఆర్గో ఆ రిపోను చూసి క్లస్టర్‌ను అట్లనే చేస్తది. మామూలుగా 3 నిమిషాల లోపు చూస్తది, వెబ్‌హుక్ (మార్పు కాంగనే ఆర్గోకు కబురు పంపేది) పెట్టుకుంటే వెంటనే. లేటెస్ట్ ట్యాగ్ మాత్రం ఇడిచిపెట్టాలె, ఎందుకంటే ఫైల్‌ల అక్షరం మారకపోతే ఆర్గోకు ఏం మారినట్టే కనపడదు.

నాకు అన్నిటికన్న నచ్చింది, క్లస్టర్ తాళం బయట ఎవరికీ ఇయ్యనవసరం లేదు. ఆర్గో క్లస్టర్ లోపలనే ఉండి గిట్ నుంచి మార్పులు తనే తెచ్చుకుంటది కాబట్టి, ఆ తాళం లేకున్నా మొన్న కొత్తగా చేరిన చెల్లె మొదటి వారంలనే సొంతంగా డిప్లాయ్ చేసింది. సెల్ఫ్ హీల్ కూడా ఆన్ చేసుకోండి, మామూలుగా ఆఫ్ ఉంటది. అది ఆన్ ఉంటే రాత్రిపూట ఎవరన్న చేత్తోని మార్చినా మళ్ల గిట్‌ల ఉన్నట్టే అయితది.

ఆటో సింక్ (గిట్‌ల మారంగనే ఆర్గో తనంతట తనే క్లస్టర్‌ను మార్చుడు) ఆన్ ఉంటే స్క్రీన్ మీది రోల్‌బ్యాక్ (పాతదానికి పోయే బటన్) పనిచెయ్యదు, గిట్‌ల రివర్ట్ చెయ్యాలె, అంటే ఆ మార్పును వాపస్ తీసుకోవాలె. పాస్‌వర్డ్‌లు ఉన్నది ఉన్నట్టు గిట్‌ల పెట్టొద్దు, మేం సీల్డ్ సీక్రెట్స్ (పాస్‌వర్డ్‌లను ఎవరూ చదవకుండ ఎన్‌క్రిప్ట్ చేసేది) వాడుతున్నం. ఆర్గో మెమరీ బాగనే తింటది, రెండు మూడు సర్వీసులే ఉన్నోళ్లకు ఇంత అక్కర లేదు, యాక్షన్స్ నుంచి సీదా పంపితే సాలు.

ఈ సీజన్ల మళ్ల ఒకసారి రేట్ల సర్వీస్‌ల తప్పు పోయింది. రివర్ట్ చేసినం, 4 నిమిషాలల్ల పాతది లేచింది, అప్పటికి మార్కెట్ల ఇంకా కాంటాలు మొదలు కాలె.