ఫ్రీబీఎస్‌డీలో ఓటీటీ: లినక్స్ క్రోమ్ మేలా, ఫారిన్-సీడీఎం మేలా?

లినక్స్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఫ్రీబీఎస్‌డీలో మామూలు వీడియోకి ఇప్పుడు ఏ ప్లగినూ అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే యూట్యూబ్ వచ్చేస్తుంది. లినక్స్ ఫ్లాష్‌ని ఎన్‌ఎస్‌ప్లగిన్‌ర్యాపర్ సాయంతో బ్రౌజర్‌కి తగిలించే తిప్పలు, 2020 డిసెంబరు 31న అడోబీ ఫ్లాష్‌కి మద్దతు ఆపేయడంతో పోయాయి. మిగిలిన చిక్కు డీఆర్‌ఎం, అంటే వీడియోని కాపీ చేయకుండా వేసే తాళం. నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆడాలంటే ఆ తాళం తీసే గూగుల్ వైడ్‌వైన్ ఉండాలి. దాన్ని లినక్స్‌కి ఇస్తున్న గూగుల్, ఫ్రీబీఎస్‌డీకి ఇవ్వడం లేదు. కాబట్టి లినక్స్‌దే తెచ్చుకోవాలి. ఎలా తెచ్చుకోవాలన్నదే ప్రశ్న.

చాలామంది మొదట పట్టేది లినక్స్ క్రోమ్‌నే. ఫ్రీబీఎస్‌డీ కెర్నల్‌లో లినక్స్ ప్రోగ్రాములని నడిపే లినక్సులేటర్ అనే భాగం, వాటి సిస్టమ్ కాల్స్‌ని (కెర్నల్‌ని అడిగే పనులని) నేరుగా అందుకుంటుంది. మధ్యలో వర్చువల్ మెషీన్ ఉండదు కాబట్టి వేగం బాగుంటుంది. లినక్స్-బ్రౌజర్-ఇన్‌స్టాలర్ అనే స్క్రిప్టు ఒక చిన్న ఉబుంటుని విడిగా ఒక ఫోల్డర్‌లో దింపి, అందులో క్రోమ్ పెడుతుంది. ఆ ఉబుంటులో తెలుగు ఫాంట్లు లేకపోతే సినిమా పేర్ల బదులు డబ్బాలే కనిపిస్తాయి. నోటో తెలుగు ఫాంట్ అక్కడ కూడా వేసుకోవాలి. అప్‌డేట్లూ విడిగా చూసుకోవాలి.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నాకు అసలు టెన్షన్ పెట్టేది నో-శాండ్‌బాక్స్ ఫ్లాగ్. వెబ్ పేజీలని మిగతా కంప్యూటర్‌కి దూరంగా బంధించి ఉంచే క్రోమ్ శాండ్‌బాక్స్, లినక్స్ కెర్నల్‌లోని నేమ్‌స్పేసులు, సెకాంప్ అనే రక్షణ ఏర్పాట్ల మీద ఆధారపడుతుంది. లినక్సులేటర్‌లో ఆ ఏర్పాటు పూర్తిగా లేదు కాబట్టి ఈ ఫ్లాగ్‌తో శాండ్‌బాక్స్‌ని ఆపేసి క్రోమ్‌ని నడుపుతారు. అప్పుడు ఏదైనా పాడు పేజీ బ్రౌజర్‌లోని లోపాన్ని వాడుకుని చొరబడితే, మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లకి అడ్డు ఉండదు. అలాంటి బ్రౌజర్‌లో బ్యాంకు లాగిన్ చేయడం నా దృష్టిలో ప్రమాదమే.

ఫారిన్-సీడీఎం పద్ధతి వేరు. లినక్స్ వైడ్‌వైన్‌కీ ఫ్రీబీఎస్‌డీ సొంత బ్రౌజర్‌కీ మధ్య అది దుబాసీలా పనిచేస్తుంది. వైడ్‌వైన్ లైబ్రరీని ఫ్రీబీఎస్‌డీ సాఫ్ట్‌వేర్ల సేకరణ అయిన పోర్ట్స్ నుంచి తెచ్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌కి ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చెప్పాలి. కొన్ని సైట్లు ఫ్రీబీఎస్‌డీ పేరు చూడగానే వెనక్కి పంపేస్తాయి, అందుకని బ్రౌజర్ సైట్లకి తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్‌ని లినక్స్ అని మార్చాలి. మొదట్లో ఓపిక కావాలి, నిజమే. కానీ తెచ్చేది ఒక్క లైబ్రరీ, మిగతాదంతా రోజూ వాడే ఫైర్‌ఫాక్సే. మీ ఫాంట్లు, మీ యాడ్-ఆన్లు, ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీ మేనేజర్ పీకేజీతో వచ్చే అప్‌డేట్లు అలాగే ఉంటాయి.

బొమ్మ నాణ్యత చూసి ఎంచుకోవాల్సిన పని లేదు. రెండు దారుల్లోనూ వచ్చేది సాఫ్ట్‌వేర్ మీదే నడిచే ఎల్3 స్థాయి వైడ్‌వైన్, 4కే ఆశ వదులుకోవాల్సిందే. ఫ్రీబీఎస్‌డీ వర్చువల్ మెషీన్ బీహైవ్‌లో పూర్తి లినక్స్ నడపొచ్చు గానీ గ్రాఫిక్స్ కార్డు అప్పగించకపోతే వీడియో ఆగి ఆగి వస్తుంది.

నా ఓటు ఫారిన్-సీడీఎంకే. దానితో తెరుచుకోని సర్వీసు ఏదైనా ఉంటే, దాని కోసం మాత్రమే లినక్స్ క్రోమ్ పెట్టుకోండి. అదీ వేరే యూజర్ అకౌంట్ కింద, మీ ఫైళ్లు దానికి అందకుండా.